కండక్టరు పంపేసిన బస్సు

విమానం దిగిన పొద్దున్నే మొగుడూ పెళ్ళాం ఒక మాట అనుకున్నారు. చీకటి పడేదాకా ఎవరూ కన్ను మూయకూడదు.

అతను మొన్నమొన్నటి దాకా బస్సు కండక్టరు. ఆమె నర్సు. కండక్టర్లు లేని బస్సులు వచ్చి అతని పని పోయింది. ఇంతలో ఈ కొత్త నగరంలో ఒక ఆసుపత్రి వాళ్ళు ఆమెను రమ్మన్నారు. ఇవాళ చీకటి పడకముందే ఆమె కాగితాలు పట్టుకుని వెళ్ళి అక్కడి పెద్ద నర్సమ్మకు కనబడాలి. కనబడకపోతే ఆ ఉద్యోగం తర్వాత నిలబడ్డ మనిషికి పోతుంది. ఇక్కడేమో ఎండ పేలిపోతోంది. వాళ్ళు వదిలి వచ్చిన ఊళ్ళో అది అర్ధరాత్రి. మనుషులు దిగారు గానీ నిద్ర ఇంకా ఆ ఊరి లెక్కలోనే ఉంది.

"ఇప్పుడు పడుకున్నానంటే సాయంత్రం నన్ను క్రేను పెట్టి లేపాలి. నన్ను పడుకోనివ్వకుండా చూసే పూచీ మీదే" అంది నర్సమ్మ.

"నాకా చెబుతున్నావు? ఎంతమందిని లేపి వాళ్ళ స్టాపుల్లో దింపాను! గురక పెట్టేవాణ్ణి, తాగి పడ్డవాణ్ణి, టిక్కెట్టు ఎగ్గొట్టడానికి దొంగనిద్ర పోయేవాణ్ణి."

"దొంగనిద్ర వాణ్ణి లేపడం ఒక గొప్పా?"

"అదే కష్టం, పిచ్చిదానా. నిజంగా నిద్రపోయేవాడు లేస్తాడు."

అతనికి ఆ పూచీ దొరకడం లోలోపల సంతోషంగానే ఉంది. పని పోయిన తర్వాత అతనికి ఒకరు పని చెప్పడం ఇదే మొదలు.

మూడో అంతస్తులో ఒకటే గది. మంచం ఒక పక్క, ప్లాస్టిక్ విప్పని కొత్త పరుపు ఒక పక్క ఉన్నాయి. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కండక్టరు పరుపును గోడకు నిలబెట్టి, సూట్‌కేసుకు కట్టిన తాడు విప్పి, కంచె దాటే దూడను గుంజకు కట్టినట్టు కిటికీ పిడికి కట్టేశాడు.

తర్వాత బట్టలు సర్దుకుందామన్నారు. నర్సమ్మ ఒక చొక్కా తీసి మడత వేసింది. రెండో చొక్కా సగం మడతలో ఉండగా నిలబడే తూగింది. అతను చప్పట్లు కొట్టాడు. ఆమె ఉలిక్కిపడి, "రక్తపోటు బాగానే ఉంది" అంది.

"ఎవరికి?"

"మీ చొక్కాకి."

కాసేపటికి అతని కళ్ళు ఎర్రబడ్డాయి. జ్వరమేమోనని ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలాంటిది. రాత్రంతా అరిచే రోగులు కూడా ఆ చెయ్యి పడితే అయిదు వేళ్ళూ లెక్కపెట్టకముందే నిద్రలోకి జారేవారు. కండక్టరు మోకాళ్ళు వంగాయి.

"చెయ్యి తీసెయ్! తీసెయ్, నీకు పుణ్యముంటుంది! గదిలో ఉంటే ఇద్దరం మునుగుతాం. పద, బయట పడదాం."

ఆమె చేతిసంచిలో కాగితాలున్నాయి, ఇద్దరి ఫోన్లున్నాయి, గది తాళం చెవి ఉంది. మెట్లు దిగుతూ ఆ సంచిని అతనే తీసుకుని అడ్డంగా మెడలో వేసుకున్నాడు. సంచి లేని భుజం అతనికి ఇన్నాళ్ళూ తెగిన చెవిలా ఉండేది.

"ఆడవాళ్ళ సంచండీ అది. పూలున్నాయి దాని మీద."

"ఉండనీ. బరువు ముఖ్యం."

వీధి చివర పార్కు కనబడింది. పార్కులో బెంచీ కనబడింది. ఆమె నడక అటే తిరగడం చూసి అతను మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. సరిగ్గా అప్పుడే స్టాపులో ఒక బస్సు ఆగింది. కండక్టరు ముఖం వెలిగింది. బస్సులో తనకు నిద్ర రాదు. బస్సులో ఎవరినైనా తను లేపగలడు. ఇంతకంటే క్షేమమైన చోటు భూమ్మీద లేదు.

ఎక్కాక మనసు చివుక్కుమంది. ఇక్కడా కండక్టరు లేడు. తలుపు దగ్గర ఒక మిషను గోడకు తగిలించి ఉంది. అది టిక్కెట్టు ఉమ్మి ఊరుకుంది. "ముందుకు జరగండి" అని ఒక్క మాటైనా అనలేదు.

ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. రెండు మలుపులు తిరిగేసరికి ఆమె తల అతని భుజం మీదికి వచ్చింది. లేపాలి. లేపడానికి చెయ్యి ఎత్తాడు కూడా. ఎత్తి, ఆమె ముఖం చూశాడు. ప్రయాణానికి ముందు పది రాత్రుళ్ళు ఆమె సరిగ్గా పడుకోలేదు. సామాను కట్టింది ఆమే. బంధువులకు చెప్పింది ఆమే. మొగుడి ఉద్యోగం పోయిందని ఎవరూ అనకుండా మాట కాసిందీ ఆమే.

"చివరి స్టాపు దాకా పడుకోనిద్దాం. అక్కడ లేపుతాను. ఎంతమందిని లేపలేదు!" అనుకున్నాడు. అనుకోవడం అతనికి గుర్తుంది. ఆ తర్వాతది గుర్తులేదు.

చివరి స్టాపు దాటి బస్సు డిపోకు చేరింది. డ్రైవరు వెనక్కి వచ్చి దగ్గాడు. కడ్డీ మీద తాళం చెవితో కొట్టాడు. తల మీద తల వాల్చి ఇద్దరూ నిద్రపోతున్నారు. ఆ జంటను చూసి ఏమనుకున్నాడో, కిటికీ తెర ఎండకు అడ్డంగా లాగి, తలుపులు తెరిచి ఉంచి టీ తాగడానికి పోయాడు.

కండక్టరుకు ముందు ముక్కు మేలుకుంది. డీజిలు, తడి నేల, పాత టైర్ల వాసన. కళ్ళు సగం తెరిచాడు. వరసగా బస్సులు, అన్నీ ఒకే రంగు. పొద్దు బాగా వాలింది. "ఏమే, లే" అన్నాడు. ఆమె కదలలేదు. "లేవవే తల్లీ!" ఊహూఁ. ముఖం మీద చల్లటి నీళ్ళు చిలకరిస్తే లేస్తుంది. ఆమె తలను మెల్లగా కిటికీకి ఆనించి, నీళ్ళ కోసం దిగాడు.

డిపో చివర కుళాయి ఉంది. సంచిలోని సీసా తీసి నీళ్ళు పట్టుకుని, తనూ మొహం కడుక్కుంటుండగా వెనక ఇంజను గుర్రుమంది. ఒక బస్సు వరసలోంచి బయటికి రావడానికి వెనక్కి జరుగుతోంది. డ్రైవరు అద్దంలోకి మెడ సాచి చూస్తున్నాడు. వెనక గోడ ఉంది. చెప్పేవాడు లేడు.

కండక్టరు మెదడు ఇంకా నిద్రలోనే ఉంది. చేతులు మాత్రం డ్యూటీ ఎక్కాయి. పరుగున వెళ్ళి బస్సు వెనక నిలబడ్డాడు.

"రానీ... రానీ... కొంచెం ఎడమకి... హోల్డాన్!"

బస్సు ఆగింది. డ్రైవరుకు ఆ భాష రాదు. కానీ ఆ అరుపుకు భాష అక్కర్లేదు. కండక్టరు పక్కకు వచ్చి, బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచాడు.

"రైట్... రైట్!"

డ్రైవరు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఎన్నాళ్ళ తర్వాత! కండక్టరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నీళ్ళ సీసాతో హుషారుగా వెనక్కి నడిచి, తమ బస్సున్న చోటికి వచ్చాడు. అక్కడ నూనె మరక ఉంది. బస్సు లేదు.

ఒక్కసారిగా పూర్తిగా మెలకువ వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క ప్రయాణికుణ్ణి దారిలో వదిలేసి పోలేదని చెప్పుకునేవాడు. ఇవాళ పెళ్ళాన్ని తన చేత్తోనే రైట్ చెప్పి పంపేశాడు. ఫోన్లూ తన మెడలోనే, కాగితాలూ తన మెడలోనే.

డిపో ఊడ్చే ఆమె ఎదురుపడితే ఆసుపత్రి కాగితం చూపించాడు. నర్సమ్మ ఎక్కడ మేలుకున్నా చీకటి పడేలోపు అక్కడికే వస్తుంది. ఆమెకంటే ముందు ఈ కాగితాలు అక్కడుండాలి. ఊడ్చే ఆమె మగవాడి మెడలో పూలసంచిని ఒకసారి, అతని ముఖాన్ని ఒకసారి చూసి, చీపురుతో ఇంకో బస్సు చూపించింది.

ఈసారి అతను కూర్చోలేదు. కూర్చుంటేనే కదా నిద్ర! పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. గుర్రాలు నిలబడే నిద్రపోతాయన్న సంగతి అతనికి గుర్తు రాలేదు.

*

నర్సమ్మ మేలుకునేసరికి బస్సు నిండా తెల్ల కోట్లున్నాయి. పగలు ఊరంతా తిరిగే ఆ బస్సే సాయంత్రం ఆసుపత్రి వాళ్ళను డ్యూటీకి తీసుకెళ్తుంది. ఆమె తల ఇంకా భుజం మీదే ఉంది. భుజం మాత్రం మారింది. మెత్తగా ఉంది, సబ్బు వాసన వస్తోంది. తలెత్తి చూస్తే నెరిసిన జుట్టు, లావుపాటి కళ్ళద్దాల పెద్దావిడ.

"లేచావా? మావాళ్ళు డ్యూటీ అయ్యాక నిద్రపోతారు. నువ్వు ముందే కానిచ్చావు. కొత్తమ్మాయివా?" అంది పెద్దావిడ.

ఆవిడే పెద్ద నర్సమ్మ.

"అవునండీ. మా ఆయన..." అంటూ పక్కన చూసింది. వెనక చూసింది. సీటు కింద కూడా చూసింది.

ఆసుపత్రిలో దిగాక పెద్ద నర్సమ్మ గొంతు మెత్తగానే ఉంది గానీ మాట గట్టిగా ఉంది. "మనిషి వస్తే చాలదమ్మా, కాగితాలు రావాలి. చీకటి పడుతోంది. ఎక్కడున్నాయి?"

"మా ఆయన దగ్గర."

"ఆయన ఎక్కడున్నాడు?"

"తప్పిపోయాడండీ." అని తల దించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కాగితాలు పోతే పోనివ్వండి. ఆయనకి ఇక్కడి మాట రాదు. నన్నో పూట వదలండి, వెతుక్కుంటాను."

అప్పుడే గుమ్మంలో కేకలు వినబడ్డాయి. బస్సులో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే బస్తాలా జారిపోయాడట. డ్రైవరు హడలిపోయి కేకేశాడట. ఇద్దరు చక్రాల మంచం తోసుకొచ్చారు. డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, "నిద్ర" అన్నాడు. పేరు తెలుసుకుందామని ఒకతను మెడలోని పూలసంచి లాగాడు. పడుకున్న మనిషి రెండు చేతులా దాన్ని పొట్టకు అదుముకున్నాడు.

"చిల్లర లేదమ్మా. దిగేటప్పుడు ఇస్తాను."

సంచి లాగినతనికి అర్థం కాలేదు. మళ్ళీ లాగాడు.

"ఫుట్‌బోర్డు మీద ఎవరయ్యా? లోపలికి జరుగు!"

నర్సమ్మ ఇద్దరినీ తోసుకుని వచ్చింది. ఏడ్వాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. అతని నుదుటి మీద చెయ్యి వేసింది. సంచి మీద వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. కాగితాలు తీసి పెద్ద నర్సమ్మ చేతికిచ్చింది. పెద్ద నర్సమ్మ వాటిని చూడలేదు. కాసేపు ఆ చేతినే చూసింది.

"కోటు అక్కడుంది, వేసుకో. నీ మొదటి రోగి ఈయనే. లేపమంటావా?"

"వద్దండి. పొద్దుటి నుంచి నన్ను మేలుకోబెట్టి అలిసిపోయారు."

ఆ మాటకో, గొంతుకో కండక్టరు కళ్ళు సగం తెరిచాడు. తెల్లకోటులో భార్య కనబడింది.

"స్టాపు వచ్చిందా?"

"వచ్చింది. నేను దిగాను. మీరు పడుకోండి."

"రైట్... రైట్" అని మంచం అంచు మీద రెండుసార్లు చరిచి, అతను కళ్ళు మూసుకున్నాడు.

కిటికీ బయట అప్పుడు చీకటి పడింది. పొద్దున అనుకున్న మాట మీద, మూడో అంతస్తు గదిలో ఆ పరుపు ఒక్కటే నిలబడింది.