సూర్యలంక నుంచి అల్వాల్‌కు ఏ బండి మంచిది?

ఎల్లారెడ్డిలో ఎవరు ఏ ఊరికి బయలుదేరినా ముందు నా మోటారు రివైండింగ్ దుకాణానికి వచ్చి, ఏ బండి మంచిదో అడిగి పోతారు. టైమ్‌టేబుల్ రాజేశం అని నాకు పేరు పెట్టింది కూడా వాళ్లే. అందుకే ముందే చెబుతున్నాను, బాపట్ల పక్కనున్న సూర్యలంక సముద్రం నుంచి హైదరాబాదుకు ఎలా రావాలో మాత్రం నన్ను అడగకండి.

సముద్రం చూపించమని మా ఆవిడ రమ పెళ్లయినప్పటి నుంచి పోరుతోంది. చివరికి మొన్న తీసుకుపోయి రిసార్టులో దించాను. తిరుగు ప్రయాణం మర్నాడు పొద్దున్నే హైదరాబాదు అల్వాల్‌లో నా బామ్మర్ది ఆకాశ్ గృహప్రవేశం. మా వైపు కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆడబిడ్డే. ఆకాశ్‌కు ఉన్న ఒక్కగానొక్క అక్క రమ. రమను తీసుకుపోవాల్సింది నేను. అంటే ముహూర్తం నా జేబులో ఉన్నట్టే కదా!

ఈ సంగతి తట్టగానే నా బుర్రలో పురుగు మెదిలింది. పోయినేడు ఆకాశ్ పెళ్లిలో ఫొటోగ్రాఫర్ నన్ను ఎవరో అనుకొని పక్కకు జరగమంటే, అత్తగారింటివాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఈసారి ముహూర్తం దగ్గర పడాలి, ఆకాశ్ ఫోన్ మీద ఫోన్ చేసి బతిమాలాలి, అప్పుడు నేను తీరిగ్గా ఆటో దిగాలి. దానికి తగిన బండి వెతకడం ఒక్కటే మిగిలింది.

బయలుదేరే రోజు పొద్దున్నే ఇసుకలో కూర్చొని మొదలుపెట్టాను.

"బస్సు వద్దు రమా. నా నడుము పోతది."

"మోటార్లు మోసే నడుముకు బస్సుల ఏమైతది?"

"ఎక్స్‌ప్రెస్ రైల్ల జనం మస్తుంటరు."

"మనం గూడ జనమే గద."

"కారు మాట్లాడితె డ్రైవర్ నిద్రపోతడు."

"నువ్వు గింతగనం మాట్లాడుతుంటె ఎట్ల నిద్రపోతడు?"

"అన్నీ చూసిన. ప్రతి స్టేషన్ల ఆగే బండెక్కి, విజయవాడల ఇంకో బండి మారి పోవుడే సుఖం. కిటికీ సీటు, సల్లటి గాలి!"

"ఎప్పటికి చేరుతది?"

నేను సముద్రం వైపు చూశాను. "ఆ అలలు సూడు, ఎట్లొస్తున్నయో!" అన్నాను.

రమ గొంతులో నవ్వు పోయింది. "ఆ ఇల్లు కట్టేటందుకు తమ్ముడు ఎంత గోస పడ్డడో నీకెర్కే. పాలు నా చేతుల మీదనే పొంగాలె."

నాకు జాలి వేసింది. కానీ ఆ ఫొటో గుర్తొచ్చి మనసు గట్టి చేసుకున్నాను. "పొంగుతయి తియ్," అని స్టేషనుకు పోయి రెండు టికెట్లు తెచ్చాను.

తిరిగొచ్చేసరికి రిసార్టు గేటు ముందు ఒక కారు. సామాను డిక్కీలో ఉంది, రమ ముందు సీట్లో ఉంది. నంబరు ప్లేటు మీద టీఎస్ పదిహేడు చూసి, మన కామారెడ్డి బండే అని ఉరికిందట. డ్రైవర్ యాకూబు లింగంపేట వాళ్లను ఇక్కడ దింపి ఖాళీగా వాపస్ పోతున్నాడు.

"ఎక్కు," అంది రమ.

"టికెట్లు తెచ్చిన."

"తెస్తె తెచ్చినవ్. ఎక్కు."

"రైలే మంచిదని చెప్పిన గద!" నన్ను విడిచిపెట్టి పోదని నా ధీమా.

"సరె, నువ్వు నిమ్మళంగ రా. పా, యాకూబన్నా."

కారు నిజంగానే పోయింది.

రైల్లో దారి పొడవునా ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. ఆకాశ్ చేయలేదు, రమ చేయలేదు. క్రెడిట్ కార్డు అమ్మే అమ్మాయి మాత్రం రెండుసార్లు ఎంతో మర్యాదగా పలకరించింది.

విజయవాడలో మారాల్సిన బండి ఆలస్యమై, మర్నాడు మధ్యాహ్నం అల్వాల్ చేరేసరికి పాలు పొంగాయి, పూజ అయింది, దావత్ నడుస్తోంది. గేటు దగ్గర నాకోసం ఎవరూ లేరు. లోపల మొదటి కుర్చీలో కొత్త చొక్కా తొడుక్కుని యాకూబు కూర్చున్నాడు. మా అత్త సాలవ్వ అతనికి మంచి ముక్కలు ఏరి ఏరి వడ్డిస్తోంది.

"తిను బిడ్డా. నువ్వు లేకుంటె మా ఇంట్ల పాలు పొంగకపొయ్యేటియి."

చొక్కా అతనికి కాస్త బిగువుగా ఉంది. నెల కిందట ఆకాశ్ ఫోన్ చేసి నా కొలతలు ఎందుకు అడిగాడో అప్పుడు అర్థమైంది. వాడు నాకు మర్యాద చేయాలనే కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది.

ఆకాశ్ తల గోక్కున్నాడు. "ఏం జెయ్యాలె బావా, పాలు పొంగంగనె ఆడబిడ్డను తోలుకొచ్చినోళ్లకు బట్టలు పెట్టాలె. పూజ జేసే అయ్యగారు తొందర పెట్టిండు. అక్క యాకూబన్నను సూపెట్టింది."

రమ వైపు చూశాను.

"అవద్దమా? నన్ను తోలుకొచ్చింది ఆయననే గద," అంది.

సాయంత్రం ఎల్లారెడ్డికి ఏ బండిలో పోవాలో ఎవరూ నన్ను అడగలేదు. యాకూబు పక్కన రమ కూర్చుంది. వెనక సీట్లో మిగిలిన కూర డేక్సా, దాని పక్కన నేను. తూప్రాన్ దాటాక యాకూబు అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

"చెల్లె నన్ను అన్న అన్నది. గట్లయితె నువ్వు నాకు బావవే గద! ముంగట గుంతలున్నయి, డేక్సా జర గట్టిగ పట్టుకో బావా."

రెండు చేతులతో పట్టుకున్నాను.