పద్నాలుగు రోజులూ ఒకే చప్పుడు

ఒక దేశం ఎంత నాగరికమైనదో తెలియాలంటే, పక్కింటి చప్పుడు మీద ఫిర్యాదు చేసే ఫారంలో ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టాలి. ఇంగ్లండులో హాల్డెన్‌థార్ప్ పురపాలక సంఘం వారి ఫారంలో ముప్ఫై ఒకటి ఉన్నాయి. (ముప్ఫై ఒకటోది, మిగతా ముప్ఫై నింపడానికి ఎంతసేపు పట్టిందో రాయడానికి.)

ఎనిడ్ హార్గ్రీవ్స్ మొదటిసారి ఆ ఫారం నిజంగా కోపంతోనే నింపింది. భర్త స్టాన్ పోయిన ఈ ఆరేళ్లలో, సాయంత్రం నాలుగింటికి ఆ ఇంట్లో నోరు విప్పేది టీ కెటిల్ ఒక్కటే. అలాంటిది గోడకవతల ఫ్రేయా అనే పంతొమ్మిదేళ్ల పిల్ల, వాళ్లమ్మ ఉద్యోగంలో ఉండే వేళ చూసి, ముగ్గురు స్నేహితుల్ని పోగేసి, గిటార్లూ డ్రమ్ములూ దించి, "ద లేట్ బసెస్" అని బ్యాండు మొదలుపెట్టింది. ఎనిడ్ అల్మరాలో కప్పులు వాటంతటవే నడిచాయి.

శబ్ద నియంత్రణాధికారి ఓల్డ్‌రాయిడ్ గొడుగుతో వచ్చి నిబంధన వివరించాడు. "రోజూ డైరీ రాయాలండీ. వరసగా పద్నాలుగు రోజులు ఒకే చప్పుడని తేలితే వాయిద్యాలు జప్తు చేస్తాం. మధ్యలో చప్పుడు మారిందనుకోండి, అది వేరే చప్పుడు. వేరే ఫైలు. మళ్లీ ఒకటో రోజునుంచి."

ఎనిడ్ శ్రద్ధగా రాసింది. "4.05: మొదలు. డ్రమ్ములబ్బాయికి ఏదో రైలు అందుకోవాలని ఉన్నట్టుంది. 4.20: పల్లవి నిన్నటిదే. ఫిర్యాదుదారుపై ప్రభావం: ఎడమ కాలు తాళం వేసింది."

పదకొండో రోజున ఫ్రేయా బిస్కెట్ల పొట్లంతో గుమ్మంలో నిలబడింది.

"మిసెస్ హార్గ్రీవ్స్, ఇంకో మూడు రోజులైతే మా గిటార్లు పట్టుకుపోతారట. ఫిర్యాదు వెనక్కి తీసుకోరూ, ప్లీజ్!"

"దానికి వేరే ఫారం ఉందమ్మా. కారణం రాయాలి. నచ్చిందని రాశాననుకో, తప్పుడు ఫిర్యాదని నామీదే కేసు."

"మరెలా?"

"పాట మార్చు. ఆ రెండో చరణం ఎలాగూ ఏడ్చినట్టుంది."

"ఏడ్చినట్టుందా!"

"రాతపూర్వకంగానే చెప్పాను. తొమ్మిదో రోజు, ఇరవయ్యో గడి."

పాట మారింది. ఫైలు ఒకటో రోజుకు తిరిగొచ్చింది. అప్పటినుంచి ప్రతి పదమూడో రోజునా ఎనిడ్ చీపురుకర్రతో గోడ బాదేది. "పిల్లలూ, రేపటితో పద్నాలుగు! ఏదో ఒకటి కొత్తది వాయించి చావండి!" అవతలినుంచి "ఇదిగో, వస్తోంది వస్తోంది!" అని నలుగురి కేక, దాని వెనకే ప్రపంచంలో అంతవరకూ ఎవరూ వినని ఒక పాట.

ఏడాది తిరిగేసరికి ఇరవై ఆరు ఫైళ్లు, ఇరవై ఆరు పాటలు. దేశంలో ఏ బ్యాండూ ఇంత క్రమశిక్షణతో పాటలు కట్టలేదని పురపాలక సంఘం వార్షిక నివేదికే (అనుబంధం ఆరు) ఒప్పుకుంది.

నిబంధన ప్రకారం ప్రతి ఫైలుకూ రికార్డింగు జతచేసి నలభై మూడు శాఖలకు పంపాలి. చెత్త సేకరణ శాఖ ఈలవేస్తూ డబ్బాలెత్తింది. పెళ్లిళ్ల నమోదు కార్యాలయంలో గుమాస్తా కూనిరాగానికి ఒక పెళ్లికూతురు అడుగులేసింది. పదిహేడో ఫైలు దారితప్పి రేడియోకు చేరింది. వారం తిరక్కుండా దేశమంతా పదిహేడో ఫైలు పాడింది. టౌన్ హాలు కచేరీలో ఓల్డ్‌రాయిడ్ కొలత యంత్రం పట్టుకుని మొదటి వరసలో గెంతాడు. (విధి నిర్వహణలో గెంతడానికి ముందస్తు అనుమతి తీసుకున్నాడు.) పక్కనే ఎనిడ్, ప్రభావం గడిలో చోటు చాలక, అదనపు కాగితం జతచేసింది.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది. ముందు లండన్, ఆపైన పదకొండు దేశాలు.

"ఇక నాలుగింటికి ఏం చేస్తారు, మిసెస్ హార్గ్రీవ్స్?" అంది ఫ్రేయా.

"ఏం చేస్తాను, హాయిగా ఓ కునుకు తీస్తాను. స్వెట్టరు పెట్టుకున్నావా?"

"రెండు."

"మూడోది కూడా పెట్టుకో. సరే, ఎక్కు, ఎక్కు. దారికడ్డంగా ఎక్కువసేపు ఆపితే దానికీ ఓ ఫారం ఉంది."

వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, తిరిగాక కూడా కాసేపు ఊపింది. లోపలికొచ్చి డైరీ తెరిచింది. (బ్యాండు వెళ్లిపోయినంత మాత్రాన ఫైలు మూతపడదు.) "4.00: ఏమీ లేదు. 4.30: కెటిల్. ప్రభావం: కాలు కదల్లేదు."

మర్నాడూ అదే రాసింది. ఆ మర్నాడూ అదే.

పదమూడో రోజు, ఆదివారం, చీపురుకర్ర తీసి గోడ బాదింది. అవతల ఫ్రేయా వాళ్లమ్మ, పాపం, టీవీ శబ్దం తగ్గించింది.

పద్నాలుగు రోజులూ ఒకేలా ఉన్న ఫైలు ఆ కార్యాలయ చరిత్రలో అదే మొదటిది. సిబ్బంది కేకు కోసుకున్నారు. ఓల్డ్‌రాయిడ్ గోడకు రెండువైపులా యంత్రం పెట్టి కొలిచాడు. ఉత్తరం శుక్రవారం వచ్చింది:

"అమ్మా, మీ ఫిర్యాదు ఎట్టకేలకు రుజువైనందుకు సంతోషిస్తున్నాము. సదరు నిశ్శబ్దం మీ ఇంటినుంచే వెలువడుతున్నట్టు తేలింది. ఇరవై ఒక్క రోజుల్లోగా తగ్గించుకోగలరు."