బేస్తవారం స్నానానికి మూడు నకళ్లు

స్నానం మనిషి సొంత వ్యవహారమని అనుకునేవారు ఎవరైనా ఉంటే, వారు 1949లో జనగామలో స్నానం చేసినవారు కాదు. ఆ ఏడు సర్కారు రెండు సంగతులు గ్రహించింది. ఒకటి, నలుగురికి మించి ఎక్కడ గుమిగూడినా అది కమ్యూనిస్టుల పనే. రెండు, స్టేషన్ వెనక ఉన్న హమాంఖానాలో ప్రతి బేస్తవారం మధ్యాహ్నం పదిమంది మగవాళ్లు గుమిగూడుతున్నారు. పైగా ఒంటి మీద తువ్వాలు తప్ప ఏమీ లేకుండా. ఆయుధాలు ఎక్కడ దాచారో అంతుపట్టకపోవడం సర్కారును మరింత కలవరపెట్టింది.

వెంటనే స్నానశాలల తనిఖీ అధికారి అనే కొలువు పుట్టింది. అందులోకి కోస్తా నుంచి ప్రభాకర్రావు గారు దిగారు. వచ్చిన వారంలోనే మూడు నకళ్ల దరఖాస్తు ఒకటి తయారుచేశారు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంతకుముందు స్నానం చేసిన తేదీ, ఇప్పుడు చేయదలచిన స్నానానికి కారణం, స్నానంలో మాట్లాడదలచిన విషయం. (చివరి గడిలో "ఏమీ లేదు" అని రాస్తే అనుమానం, ఏదైనా రాస్తే రుజువు.)

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ పదిమందిలో చాలామందికి ఇంట్లో బావి ఉంది, కాగు ఉంది, నీళ్లు కాచిపెట్టే భార్య కూడా ఉంది. వాళ్లు వచ్చేది నీళ్ల కోసం కాదు. వాళ్లు మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు, ఊళ్లో ఇంకెక్కడా ఒకరి పక్కన ఒకరు నిశ్చింతగా కూర్చోలేనివాళ్లు. హమాంలో నీళ్లు కాగబెట్టే కనకయ్యకు ఈ సంగతి తెలుసు. బజారులో సగం మందికి తెలుసు. సర్కారుకు మాత్రం తెలియదు, ఎందుకంటే ఎవరూ దరఖాస్తు పెట్టుకుని చెప్పలేదు.

పదకొండోవాడు భిక్షపతి. లింగాల ఘనపూర్ మనిషి, జనగామ మండీలో ధాన్యం బస్తాలు తూచే దడువాయి. ముప్పై ఒకటి దాటినా పెళ్లి మాటెత్తితే ఏదో పనుందని లేచిపోయేవాడు. మూడేళ్లుగా రోజూ ఆ హమాంఖానా ముందు నుంచే నడిచాడు గానీ ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. లోపలి మగవాళ్లను చూస్తే చూపు తిప్పుకోలేనని భయం. ఒకనాడు బస్తా ఒరుసుకుని భుజం తెగితే మిషన్ దవాఖానకు పోయాడు. అక్కడి కాంపౌండర్ సంజీవ కట్టు కట్టడం అయిపోయాక కూడా చేయి తీయలేదు.

"బేస్తవారం హమాంకు రా, భిక్షపతీ. నేనుంట," అన్నాడు నెమ్మదిగా.

ఆ తర్వాత మూడు రోజులు భిక్షపతి తూకాలన్నీ తప్పాడు. నాలుగో రోజు దరఖాస్తు పెట్టాడు. కారణం అన్న గడిలో నిజాయితీగా "మురికి" అని రాయించాడు. మురికి ఉన్నట్టు సొంత ఊరి పటేల్ ధ్రువపత్రం జతచేయలేదని దరఖాస్తు తిరిగొచ్చింది. భిక్షపతి లింగాల ఘనపూర్ దాకా నడిచాడు. పటేల్ అతన్ని ముందు నుంచీ వెనక నుంచీ పరీక్షించి, మెడ మీద వేలితో రుద్ది చూసి, "మురికి కలదు" అని రాసి ముద్ర వేశాడు. (గొడవల్లో పట్నం పారిపోయి ఈమధ్యనే తిరిగొచ్చిన పటేల్, ఎవరేమడిగినా రాసిచ్చే మంచి మనసుతో ఉన్నాడు.) వచ్చే దారిలో వాన పడింది. పత్రంలో ఉన్న మురికికీ మనిషి మీద ఉన్న మురికికీ పొంతన లేదని కచేరీ మళ్లీ వెనక్కి పంపింది. మొత్తానికి మూడో బేస్తవారానికి అనుమతి చేతికొచ్చింది.

లోపల ఆవిరి, రాతి బండలు, పెద్ద రాగి కాగు. నియమం ప్రకారం ఒక పోలీసు జవాను ఆ ఆవిరిలో బూట్లతో సహా కూర్చుని రిజిస్టరు రాస్తున్నాడు. సిరా కారిపోతున్నా ఆపడం లేదు. మాటలన్నీ నీళ్లకు సంబంధించినవే అయివుండాలని గోడకు నోటీసు. భిక్షపతి తువ్వాలును రెండు చేతులా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెనక్కి పారిపోవాలనిపించింది. కానీ స్నానం చేయకుండా వెళ్లడానికి వేరే దరఖాస్తు ఉంది.

సంజీవ బండ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. "ఇంత ఆలిశమైతే నీళ్లు సల్లారినయనుకున్న," అన్నాడు.

"సల్లారలేదన్నా," అన్నాడు భిక్షపతి.

జవాను రాసుకున్నాడు.

హమాంలో ఒకరి వీపు ఒకరు రుద్దడం ఆనవాయితీ. సంజీవ అతని వీపు రుద్దాడు. ఊహ తెలిశాక భిక్షపతి వీపు మీద బస్తాలు పడ్డాయి గానీ ప్రేమగా ఒక చేయి పడటం అదే మొదలు. అతను మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. సిగ్గుతో కాదు, సంతోషంతో. ఇన్నేళ్లూ లోకంలో తానొక్కడే ఇట్లా పుట్టాడనుకున్నాడు. ఇక్కడ చూస్తే జనగామలోనే పదకొండు మంది. జవాను మాత్రం "సబ్బు కళ్లలో పడింది" అని రాసి కింద గీత గీశాడు.

ఆరు వారాల రిజిస్టర్లు చదివిన ప్రభాకర్రావు గారు ఒక నిర్ణయానికి వచ్చారు. పదకొండు మందీ ఒకే రోజు వస్తారు. ఒక్కొక్కరుగా వెళ్తారు. గుమ్మం దాటేముందు అటూ ఇటూ చూస్తారు. బజారులో ఎదురైతే ఎరగనట్టు పోతారు. ఇంత క్రమశిక్షణ కమ్యూనిస్టులకు కాక ఎవరికుంటుంది? దీనికి స్నాన దళం అని పేరు పెట్టి అందరినీ పట్టుకున్నారు. అలాంటి దళమేదీ తమకు లేదని అడవిలోని అసలు పార్టీ కరపత్రం వేసింది. అంత గట్టిగా కాదంటున్నారంటే ఇది చాలా ముఖ్యమైన దళమేనని ఫైలులో చేరింది.

కనకయ్య ఒక్కడు ధైర్యం చేసి ఠాణాకు పోయాడు.

"వాళ్లకు పార్టీ ఏంది సాబ్. ఒకరంటే ఒకరికి పానం. గంతే," అన్నాడు.

ప్రభాకర్రావు గారు జాబితాలన్నీ ఓపికగా తిరగేశారు. "అలాంటివాళ్లు ఈ తాలూకాలో లేరయ్యా," అన్నారు.

విడుదల కావాలంటే హామీ పత్రం మీద సంతకం పెట్టాలి. అందులో రెండు షరతులు. పార్టీని వదిలేశాను. ఈ జాబితాలోని మిగతా పదిమందినీ జన్మలో కలవను. పదిమంది ఆ పూటే సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం, ఇళ్లల్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు. భిక్షపతి మొదటి షరతుకు కావాలంటే రెండుసార్లు సంతకం పెడతానన్నాడు. రెండోదానికి పెట్టనన్నాడు. అతనికి బుద్ధి చెప్పడానికి ప్రభాకర్రావు గారు సంజీవ సంతకం చూపించారు. అందరికంటే ముందు పెట్టింది అదే.

భిక్షపతి దాన్ని చాలాసేపు చూశాడు.

"ఆయన పెట్టిండు, మంచిదే. ఇంటికి పోతడు," అన్నాడు చివరికి. "నేను మాత్రం కలువనని రాయను సాబ్. ముప్పై ఏండ్లు ఎవ్వరిని కలువకనే బతికిన."

ఫైలు మీద "కరడుగట్టినవాడు" అని ఎర్రసిరాతో పడింది. జైల్లో అసలు కమ్యూనిస్టులు అతనికి ఎదురైతే లేచి నిలబడేవారు. హామీలు రాసిచ్చి ఇళ్లకు పోయేవాళ్లు అతని ముఖం చూడలేక తల దించుకునేవారు. ఏం చేసినందుకు పట్టుకున్నారని ఒక పెద్దాయన అడిగితే, స్నానం చేసినందుకని భిక్షపతి చెప్పాడు. రహస్యం బయటపెట్టని తీరుకు ఆయన ఇంకా ముచ్చటపడ్డాడు.

రెండేళ్ల తర్వాత కమ్యూనిస్టుల సాయుధ పోరాటం ఆగిపోయింది, అతన్నీ వదిలేశారు. అప్పటికి సంజీవ కొలువు మానుకుని సొంతూరు నెల్లికుదురు చేరాడని తెలిసి, భిక్షపతి ఇంటికి కూడా పోకుండా అక్కడికే పోయాడు. వాకిట్లో సంజీవ భార్య సుమిత్ర వడ్లు చెరుగుతోంది. పేరు అడిగి, లోపలికి పోయి, తిరిగొచ్చి, ఆయన ఇంట్లో లేడంది. కిటికీ ఊచ మీద ఉన్న చేయిని భిక్షపతి గుర్తుపట్టాడు. మంచినీళ్లు అడిగి తాగి, వచ్చిన దారినే నడిచాడు.

అప్పటికి మిలిటరీ సర్కారు పోయింది. స్నానశాలల తనిఖీ కొలువు రద్దయింది. ప్రభాకర్రావు గారు ఇంకేదో తనిఖీ చేయడానికి బదిలీ మీద వెళ్లారు. ఆ తాలూకాలో సర్కారు రాయించుకున్న కాగితాలన్నిటిలోకీ చివరి అక్షరం దాకా అమలైంది మాత్రం సంజీవ ఇచ్చిన హామీ ఒక్కటే.