క్యాప్స్ లాక్ ఉండగా తాళమెందుకు?

మీ కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ ఉందా? తీసిపారేయండి! కీబోర్డు మీటల పనులు మార్చేయండి చాలు. దొంగ తనే ఏడ్చుకుంటూ పోతాడు.

ఇరవై ఏళ్ళుగా థ్రిల్లర్లు రాస్తున్నవాణ్ణి, నా మాట నమ్మండి. నాకు మూడు కంప్యూటర్లతో కాపురం. ఇంట్లో విండోస్, ఆఫీసులో లినక్స్, అవసరం పడితే మా ఆవిడ మ్యాక్. ఒకదానిలో కంట్రోల్ చేసే పని ఇంకోదానిలో కమాండ్ చేస్తుంది. అందుకే పనీపాటా లేని క్యాప్స్ లాక్‌కి 'సేవ్' ఉద్యోగం ఇచ్చాను. ఇంట్లో పది నిమిషాలు, ఆఫీసులో మూడు వారాలు పట్టింది. ఆ టైములో సగం నవల అయ్యేదంటారా? అయ్యేది. కానీ ఇంత సుఖం ఉండేదా?

చెయ్యి తిరిగాక మిగతా మీటలనూ వదల్లేదు. "ఐదే నిమిషాలు బావా" అంటూ నా కుర్చీలో కూర్చున్న మా బావమరిది ఎంటర్ నొక్కగానే స్క్రీన్ తలకిందులైంది. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఏ తాళం చేస్తుందండీ ఇంత మేలు?

మొన్న శుక్రవారం నా కంప్యూటర్ రిపేరుకెళ్ళింది. సీరియల్ ఆఖరి భాగం నాలుగింటికల్లా పంపాలి. మా ఆవిడ మ్యాక్ ముందు కూర్చున్నాను. రెండూ నలభైకి డిటెక్టివ్ హంతకుడి ముసుగు లాగాడు. అలవాటుగా నా చిటికెన వేలు క్యాప్స్ లాక్ నొక్కింది.

స్క్రీన్ ఖాళీ!

"ఇదిగో, నీ క్యాప్స్ లాక్ ఏం చేస్తుంది?" అని అరిచాను.

"అన్నీ మూసేస్తుంది. సేవ్ చెయ్యాలా అని కూడా అడగదు."

"అలా ఎందుకు పెట్టావ్?"

"నా వెనక నిలబడి మీరు సలహాలు మొదలెట్టగానే నొక్కడానికి. మీటలు మార్చడం మీరేగా నేర్పింది!"

అంతలో ఎడిటర్ ఫోన్. "గురువుగారూ, హంతకుడు దొరికాడా?"

"దొరికాడు. మా ఆవిడ వదిలేసింది."

పెన్ను పట్టాను. పేజీలన్నీ ఫోటోలు తీసి పంపేసరికి నాలుగుకి ఒక్క నిమిషం తక్కువ. పెన్నుకి సెట్టింగ్స్ లేవు మరి!

అయ్యా కంపెనీల వారూ, ఏ కుర్చీలో కూర్చున్నా నా చిటికెన వేలు ఒక్కటే. ఒక్క మీటకైనా అన్నిచోట్లా ఒకే పని పెట్టడానికి మీకేం అడ్డం?

ఇదీ పెన్నుతోనే రాస్తున్నాను. "పాస్‌వర్డ్ తీసేయమని రాయకండి, ఎవరైనా నిజమనుకుంటారు," అని మా ఆవిడ నా వెనకే నిలబడి సలహా ఇస్తోంది.

కాగితం మీద క్యాప్స్ లాక్ ఎక్కడుందో వెతుకుతున్నాను.