గుట్ట మీద ఇంటి దేవుడు

ఆదివారం పొద్దున్నే చెన్నై శివార్లలో తాంబరం అవతల ఉన్న రాతిగుట్ట ఎక్కి, ఎండ ముదరకముందే వాషర్‌మెన్‌పేట్‌లోని ఇంటికి చేరి ఇడ్లీ తినాలన్నది కొత్తకోడలు నందిత వేసిన ప్లాను. మొగుడికి డ్యూటీ, అత్త కస్తూరికి మోకాళ్ల నొప్పులు. మిగిలింది మామ ధర్మలింగం. మిరపకాయల మండీ నడిపే మనిషికి గుట్టలతో ఏం పని? కానీ కోడలు ఇందుకోసమే ఆయనకు బూట్లు కొనితెచ్చింది. అది ఆమె ఇచ్చిన తొలి కానుక.

గుట్ట కిందికి చేరేసరికే బూట్లు కాళ్లను కొరికేస్తున్నాయి. బిగుతని చెబితే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. కాపురానికొచ్చి నెల కాలేదు, పాపం, ఇప్పటికీ అందరి ముఖాలూ చూసి మాట్లాడుతోంది. ఆయన బూట్లు విప్పి ఒక రాయి పక్కన పెట్టాడు.

"ఏం మామా?"

"కొండ గదమ్మా. కాళ్లకేసుకొని ఎట్ల ఎక్కేది?"

నందిత వెంటనే తనవీ విప్పేసింది. వెనకే వస్తున్న సుందరం అనే పెద్దమనిషి అది చూసి, పెళ్లాంబిడ్డల చేత కూడా విప్పించి, పైన ఏ సామి అని తమిళంలో అడిగాడు. కోడలు కూడా జవాబు కోసం చూసింది.

"మా ఇంటి దేవుడు," అన్నాడు ధర్మలింగం.

సగం ఎక్కేసరికి ఎండ ముదిరి బండ పెనంలా కాలింది. వెనక, వీళ్లను చూసి చెప్పులు విప్పేసిన ఓ గుంపు ఉత్తకాళ్లతో గెంతుతూ వస్తోంది. ఎవరో గోవిందా అన్నారు, ఇంకెవరో తమిళ భక్తుల్లా అరోహరా అన్నారు. ఏ దేవుడో తేలలేదు గనక ధర్మలింగం రెండింటికీ గొంతు కలిపాడు.

శిఖరం మీద బోడిబండ తప్ప ఏమీ లేదు. ఒకపక్క చెరువు, ఒకపక్క రైలుపట్టాలు, దూరంగా సముద్రం. వాటిని ఎవరూ చూడలేదు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన కాస్త గుండ్రంగా ఉన్న రాయి చూపించాడు. సుందరం భార్య దానికి బొట్టు పెట్టింది.

దిగేటప్పుడు నందిత కళ్లు తుడుచుకుంది. "నన్నింకా చుట్టంగానే చూస్తా ఉండారనుకున్నా మామా. మీరేమో ఇంటి దేవుణ్ణే చూపించినారు."

ధర్మలింగం నిజం చెబుదామన్న ఆలోచన అక్కడే వదిలేశాడు.

ఇడ్లీ వడ్డిస్తూ కస్తూరి అంతా విన్నది. "ముప్పై ఏండ్లు కాపురం చేసినా. నాకెందుకు చూపించలా?"

"నీకు మోకాళ్లు..."

"మోకాళ్లు నిన్నా మొన్నా వచ్చినాయి. దేవుడు ఎప్పట్నించి ఉండాడు?"

మరుసటి ఆదివారం ముగ్గురూ ఎక్కారు. కస్తూరి ఒక్కసారీ మోకాలు పట్టుకోలేదు. పైన ఆ గుండ్రాయి దగ్గర పూజారిలా పంచె కట్టుకొని నిలబడ్డ సుందరం, ఇంటివాళ్లైనా సరే వరుసలోనే రావాలన్నాడు.