ఎత్తేసిన విమానం

ఆ పొద్దున రంగనాథ్ వేసుకున్న పథకం చాలా సులువైనది. తలకు రంగు వేసుకోవడం, విమానం ఎక్కడం, కంపెనీ విందుకు విజయవాడలో దిగి తోడల్లుడు శివన్న ముఖం ఎలా మాడుతుందో చూడడం. ఇద్దరూ సిమెంటు డీలర్లే. ఇతనిది కర్నూలు పక్క కల్లూరు, అతనిది కడప దగ్గరి ఎర్రగుంట్ల. నిరుడు ఇదే విందుకు శివన్న కడప నుంచి విమానంలో వెళ్లాడు. ఆ ముచ్చట అతను చెప్పని పెళ్లి లేదు, చావు లేదు. బస్సులో వెళ్లిన రంగనాథ్‌కు మాత్రం అప్పటినుంచీ అన్నం సయించడం లేదు.

"విమానంలో ఫోను ఆపాలంట" అంటూ రంగనాథ్, పక్కింటి రెహమాన్ నడిపే ఆటో ఎక్కుతూనే ఫోను ఆపేశాడు. తల్లి గిడ్డమ్మ నిమ్మకాయలు చేతిలో పెట్టింది.

"చక్రాల కింద పెట్టుకో నాయనా. ఆటోకు కాదు, విమానానికి."

ఓర్వకల్లు విమానాశ్రయం గేటు దగ్గర కాపలాదారు అతన్నీ, నిమ్మకాయలనూ మార్చి మార్చి చూశాడు.

"ఆయిలు రేటు పెరిగిందంట, సీట్లు నిండడం లేదంట. లాసు తట్టుకోలేక ఆ సర్వీసు ఎత్తేసినారు సార్. మెసేజీ రాలేదా?"

వచ్చింది. ఇంగ్లీషులో పొడుగ్గా ఉండేసరికి ఏదో ప్రకటన అనుకుని తుడిచేశాడు. ఇప్పుడు ఇంటికి పోతే వీధంతా నవ్వుతుంది. బస్సుకు పోతానని రెహమాన్‌ను పంపేసి, రోడ్డు మీద నిలబడి విజయవాడ బస్సుకు చెయ్యెత్తాడు.

రంగనాథ్ ఫోను కలవక భార్య నాగలత రెహమాన్‌కు చేసింది.

"ఏమప్పా, మీ అన్న సంగతేమాయ?"

"విమానం ఎత్తేసినారక్కా!" అని ట్రాఫిక్కులోంచి అరిచి పెట్టేశాడు రెహమాన్.

నాగలత చెవిలో విమానం గాల్లోకి లేచింది. వెంటనే భర్త ఫొటోతో 'మా ఆయన ఆకాశంలో' అని స్టేటస్ పెట్టింది. గిడ్డమ్మ మిద్దెక్కి, పైన ఎగిరే ప్రతిదానికీ చెయ్యూపింది. అందులో ఒకటి గద్ద.

మధ్యాహ్నం గిద్దలూరులో బస్సు ఆగినప్పుడు రంగనాథ్ ఫోను తెరిచాడు. స్టేటస్ చూశాడు. దాని కింద సగం కల్లూరు అభినందనలు చూసి మళ్లీ ఆపేశాడు. తలెత్తితే, కడప నుంచి వచ్చిన బస్సు పక్కన బోండా తింటూ శివన్న!

"ఏమప్పా, విమానం ఈడ ఆపినారా?" అన్నాడు శివన్న.

"నువ్వేం చేస్తాండావు ఈడ?"

శివన్న బోండా మింగి, గొంతు తగ్గించాడు. "మాదీ ఎత్తేసినారు. ఇంట్లో చెప్పలేదు."

రంగనాథ్‌కు ఎంత హాయిగా అనిపించిందంటే, రెండు ప్లేట్ల బోండాలు తనే కొన్నాడు. "ఆకాశమంతా మోడాలు కమ్మినాయి, దించకుండా పైనే తిప్పినారు అని చెబ్దాం" అని ఇద్దరూ మాట కలుపుకున్నారు.

కల్లూరులో మాత్రం గంట ప్రయాణం సాయంత్రమైనా ముగియలేదు. గిడ్డమ్మ మెతుకు ముట్టలేదు. "అహోబిలం నరసిమ్మసామీ, నా కొడుకు నేల మీద దిగితే చాలు, వానికి గుండు చేయిస్తా!" అని మొక్కి ఏడవసాగింది. ఆ ఏడుపు విని రెహమాన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఎత్తేసినారంటే ఎగిరిందని కాదక్కా, రద్దు చేసినారని! అన్న గిద్దలూరు మీద పోయే బస్సుకు పాయ."

విజయవాడ చేరగానే రంగనాథ్ ఫోను చేశాడు.

"ఇప్పుడే దిగినా లతా. మోడాలు శానా ఉండాయి, పైనే తిప్పినారు."

"అట్లనా? గిద్దలూరులో టీకి దించినారా, అదీ పైనుంచే ఇచ్చినారా?"

అంతలో గిడ్డమ్మ ఫోను లాక్కుంది.

"దిగితివా నాయనా? బతికిస్తివి! రేపే అహోబిలం పోదాం, నీ గుండు మొక్కుకున్యా."

అతని చెయ్యి పొద్దునే రంగేసిన జుట్టు మీదికి పోయింది. "నేను విమానమే ఎక్కలేదు కదమ్మా!"

"నేను మొక్కింది నువ్వు దిగేదానికి. ఎక్కేదానికి కాదు."

సర్వీసు ఎత్తేసినంత సులువుగా మొక్కు ఎత్తేయడం అహోబిలంలో కుదరదు.