ఇంటికి ఆఖరున చేరే పేరు

వెబ్‌సైట్‌లో ఒక్క అక్షరం దిద్దినా పైడితల్లి పేరు విజయనగరం అంతటా చెరిగిపోయేది. మళ్లీ వ్యాపించడానికి నలభై ఎనిమిది గంటలు పట్టేది.

ఆమె ఫిజియోథెరపిస్టు. రోగులు ఇంట్లో చేసుకోవలసిన వ్యాయామాలను వెబ్‌సైట్‌లో పెట్టేది. ఈమధ్యే దానికి తన పేరుతో సొంత చిరునామా కొనుక్కుంది. ఏది మార్చినా దానంతటదే ప్రచురితమయ్యే ఏర్పాటూ చేసుకుంది. ఆ ఏర్పాటు ప్రతిసారీ ముందు పాతదంతా ఊడ్చేసేది. అందులో పేరూ పోయేది. అప్పుడు క్లినిక్ బోర్డు మీదా, కరెంటు బిల్లు మీదా వెబ్‌సైట్ కంపెనీవాళ్లు ఇచ్చిన ‘ఉచిత వాడుకరి 4471’ అన్న పేరు ఉండేది. వీధిలోవాళ్లు మర్యాదగా అలాగే పిలిచేవారు.

పేరు తిరిగి రావడం పేటలవారీగా జరిగేది. కోట దగ్గర కొన్ని గంటల్లోనే గుర్తుపట్టేవారు. కంటోన్మెంటుకు మర్నాడు చేరేది. సొంత ఇంటికి ఆఖరున. అంతవరకూ భర్త దాలినాయుడు తలుపు తీసి, ఎవరు కావాలని అడిగేవాడు. ఆమె గుమ్మంలోనే గొడవపడి, వెళ్లి క్లినిక్‌లో పడుకునేది.

మూడోసారి అలా జరిగాక విసిగిపోయి పేర్ల కార్యాలయానికి వెళ్లింది. అర్జీ మీద ఏ పేరుతో సంతకం పెట్టాలన్న దగ్గరే గంట గడిచింది.

“మీ పేరు మాకు బాగానే కనిపిస్తోందమ్మా. మీ ఇంట్లోవాళ్లే ఇంకా ఆ నంబరు పట్టుకునున్నారు,” అన్నాడు గుమస్తా.

ఇంటి జ్ఞాపకం తుడిపించుకుంటే సరిపోతుందట. పెళ్లి కూడా పోతుంది గానీ, దానికి వేరే ఫారం ఉందట. ఆమె ససేమిరా అంది. లేచి వస్తుంటే, పేరును చిన్న ఫైలులో రాసి వెబ్‌సైట్‌లోనే ఉంచితే ఇక ఊడ్చుకుపోదని నింపాదిగా చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, అడగలేదుగా అన్నాడు.

పేరు రాసి ఫైలు పెట్టబోతుండగా, పక్షవాతం నుంచి కోలుకుంటున్న అప్పలస్వామి ఫోన్ చేశాడు. భుజం వాచిపోయిందట. చూస్తే ఆయన పేజీలో పది సార్లకు బదులు వంద సార్లని పడింది. ఆమె గబగబా సున్నా తీసేసింది. ఆ కంగారులో ఫైలు పెట్టడం మరిచింది, పేరు పోయింది.

ఆ సాయంత్రం గొడవపడే ఓపిక లేక, గుమ్మంలో నిలబడి ఫిజియోథెరపిస్టునని మాత్రం చెప్పింది.

“రండి, కూకోండి. బాగా అలిసిపోయినట్టున్నారు,” అన్నాడు దాలినాయుడు.

మంచినీళ్లిచ్చాడు. ఆ పనిలో ఏం చేస్తారని అడిగాడు. పద్నాలుగేళ్లలో అడగడం అదే మొదలు. ఆమె అప్పలస్వామి భుజం సంగతి చెబితే చివరిదాకా విని, లేచి టీ పెట్టాడు. రెండు రోజులూ ముందుగదిలో ఆమెకు పక్క వేశాడు.

మూడోరోజు పేరు ఇంటికి చేరింది.

“ఏటే, ఇంకా వంట అవలేదేటి?” అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

వంటయ్యాక ఆమె వెబ్‌సైట్ తెరిచింది. పేరు ఫైలు సిద్ధంగానే ఉంది. దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టకుండా పక్కనుంచి, ఏ తప్పూ లేని పేజీలోంచి ఒక కామా తీసేసింది.